ఆకులు తొడిగిన చక్రం

ఆకు అంటే చెట్టుదే అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. మా ఊరి వడ్రంగి పాకలో, విప్పిన బండిచక్రం ముందు గొంతుక్కూర్చుని ఆచారి మా తాతతో అన్నాడు: "ఒక ఆకు వదులైంది పెద్దయ్యా, మార్చాలి." ఆ ఎండుకర్రలో పచ్చని ఆకు ఎక్కడుందా అని నేను చక్రం చుట్టూ వెతికాను. ఆచారి నవ్వి, నా వేలు పట్టుకుని నడిమి కుండ మీద పెట్టి, అక్కణ్ణుంచి అంచుదాకా ఒక్కో కర్ర వెంబడే నడిపించాడు. "ఇదీ ఆకు. ఇట్లాంటివి పన్నెండు." నా కళ్లముందే నరికిన చెట్టు మళ్లీ చిగిర్చింది.

ఆకా, నీకు దండం. తుమ్మను పడగొట్టి, కోసి, చిత్రిక పట్టిన చేతులే ఆ కర్రకు తిరిగి నీ పేరు పెట్టాయి. కొమ్మ మీద గాలికి ఊగావు. చక్రంలో ఊరికీ ఊరికీ నడుమ తిరిగావు. కొమ్మ మీద నీడనిచ్చావు. చక్రంలో ధాన్యపు బస్తాల బరువు మోశావు.

చేవా, నీకు దండం. కాండం నడుమ ఏళ్లకేళ్లుగా ముదిరి, రంగు తేలి, చెదపురుగు పన్ను దిగని కర్రవు నువ్వు. బెరడు దగ్గరి తెల్లకర్రను చెక్కి పారేసి, కుండకు నిన్నే ఏరుకుంటాడు వడ్రంగి. మనిషి గుండెనిబ్బరం తెలుసుకోవాలన్నా మేం అడిగేది నిన్నే: వాడిలో చేవ ఉందా?

మ్రానూ, నువ్వు చెట్టుకు పాతపేరువు. తమిళుల మరం, కన్నడిగుల మర నీ తోబుట్టువులు. కబురు విని కాలు కదలక, నోట మాట రాక నిలిచిపోయిన మనిషిని మ్రాన్పడ్డాడన్నాం. దుఃఖం ముంచుకొచ్చిన వేళ మనిషి చెట్టైపోతాడని నీకు ముందే తెలుసు.

కాడీ, నీ సంస్కృతం పేరు యుగం. రెండు మెడల్ని జతకలిపేది నువ్వే. ధుర అన్నా నీ బరువే. ధురంధరుడంటే బండిమీద కూర్చున్నవాడు కాడు, కాడి మోసేవాడు. మెడ మీద కాయ కాచిన ఎద్దుకు దక్కవలసిన బిరుదును మా మహానుభావులకిచ్చి గౌరవించుకున్నాం.

కందెనా, నిన్ను మరవలేను. కాల్చిన గడ్డి మసిలో ఆముదం కలిపి ఇరుసుకు రాస్తే, అంతదాకా కీచుమన్న చక్రం పాలు తాగిన బిడ్డలా ఊరుకునేది. బండి కింద వేలాడే వెదురుగొట్టంలో నీ నల్లటి వాసన ఇప్పటికీ నా ముక్కుకు తగులుతుంది.

నెమలి అడుగు చెట్టూ, మూడేసి ఆకులతో నెమలి పాదం అచ్చుగుద్దినట్టుంటావు. నీకు పేరు పెట్టినవాడు నెమలి వెంట ఎంత దూరం నడిచాడో! చిల్లచెట్టూ, నీ గింజ అరగదీసి కలిపితే కడవలో బురద అడుక్కి దిగి నీరు తేరుకుంటుంది. మంచి మాట మనసుకు చేసేదీ అదే కదా.

ఇక ఇరుసుమానూ, నీ ముందు చేతులు జోడించి నిలబడతాను. దసరా దాటిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సంబరం. ఆకాశానికి ఎత్తిన సిరిమాను కొసన పూజారి కూర్చుంటే, గుడి నుంచి కోటదాకా మూడుసార్లు ఊరేగుతుంది అమ్మ. ఏ చింతచెట్టు కావాలో అమ్మే కలలో చెబుతుందని నమ్మిక. సిరిమానుకు ఒక చింత, ఇరుసుమానుకు మరో చింత. పసుపూ కుంకుమా పెట్టి మొక్కాకే గొడ్డలి ఎత్తుతారు. అందరి కళ్లూ పైనున్న సిరిమాను మీదే. కింద బరువు మోసేది నువ్వు. ఇరుసు బండిది, మాను చెట్టుది. ఆ రెంటినీ ఒక్క మాటలో కట్టిన ఉత్తరాంధ్ర నోటికి మొక్కుతున్నాను.

చివరి దండం ఒక అక్షరానికి. బండి ఱ. పండితులు శకటరేఫమన్నారు. చక్రాలున్న బండిలా ఉంటుందని పిల్లలకు చెప్పేవారు. ఇప్పుడు రాతలో దాదాపు పోయింది, మామూలు ర వచ్చి దాని చోట కూర్చుంది. కఱ్ఱను కర్ర అని రాస్తున్నాం, తొఱ్ఱను తొర్ర అని. నేను మాత్రం ఒక్క మాటను ఒంటరిగా ఉన్నప్పుడు పాతతీరులోనే రాసుకుంటాను: మఱ్ఱి. పైన ఒక బండి, కింద ఒత్తుగా మరో బండి. రాసిన ప్రతిసారీ మా ఊరి చెరువుగట్టు కనబడుతుంది. ఎద్దుల్ని విప్పి, కాడి నేలకు వాల్చి, ఊడల నడుమ రెండు బండ్లు ఆగి ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం. పన్నెండేసి ఆకుల చక్రాల మీద మఱ్ఱి ఆకుల నీడ పడుతోంది.