డప్పు వినని దీపాలు

దసరా రాత్రి అమలాపురంలో ఊరేగింపు వాహనాలు బయల్దేరాయంటే జనం చూసేవి రెండే: చెడీ తాలింఖానా అనే సాము విద్య, లైటింగ్. కొంకాపల్లి, మహిపాల వీధి, గండు వీధి, రవణం వీధి... ఏ వీధి వాహనం ఆ వీధిదే, ఏ వీధి పట్టుదల ఆ వీధిదే. కళ్లకు గంతలు కట్టుకున్న కుర్రాడు ఎదుటివాడి ఒంటిమీది కూరగాయను కత్తితో నరకబోతుంటే డప్పులు ఒక్కసారిగా జోరందుకుంటాయి. కత్తి దిగగానే ఠక్కున ఆగుతాయి. ఆ సమయంలో వాహనం మీది లైట్లను ఓసారి చూడండి. డప్పు హెచ్చినా తగ్గినా వాటికి పట్టదు. సాయంత్రం ఏ వేగంతో పెట్టారో ఆ వేగంతోనే ఎడమనుంచి కుడికి పరుగెడుతూ ఉంటాయి. లక్షలు పోసి కట్టిన లైటింగు తన పక్కనే మోగుతున్న డప్పును వినదు. ఈ వ్యాసం ఆ చెవుడు గురించి.

ఇది పనివాళ్ల లోపం కాదు. వాళ్ల చేతికొచ్చిన సాఫ్ట్‌వేరు లోపం. అసలు పాతకాలంలో ఈ చెవుడు ఇంతగా లేదు.

పాత రన్నింగ్ లైట్ల సంగతి చూడండి. చిన్న మోటారుతో తిరిగే కర్ర రోలరు ఒకటి ఉండేది. దాని మీద రాగిరేకులు కొట్టేవారు. పైనుంచి వరసగా స్ప్రింగు పట్టీలు రోలరుకు ఆనుకుని ఉండేవి. రేకు పట్టీకి తగిలినంతసేపూ ఆ లైను వెలుగుతుంది, తప్పుకోగానే ఆరిపోతుంది. రేకు ఎంత పొడవుంటే లైటు అంతసేపు ఉంటుంది. ఒకరకంగా ఆ రోలరే ప్రోగ్రాము, రేకులు కొట్టినవాడే ప్రోగ్రామరు. లైట్లు పరుగెడుతున్నట్టు కనిపించాలంటే కనీసం మూడు లైన్లు కావాలి. రెండే ఉంటే మిణుకుమంటాయి గానీ ఎటు పోతున్నాయో కంటికి తెలియదు. మూడో లైను కలిస్తేనే దిక్కు ఏర్పడుతుంది. ఈ లెక్క ఏ పుస్తకంలోనూ చదవకుండానే మన లైటింగ్ వాళ్లకు తెలుసు. పట్టీల దగ్గర నిప్పురవ్వలు లేచేవి, దగ్గర్లోని రేడియో గరగరలాడేది. ఆరు ఓల్టుల బల్బులను 38, 40 చొప్పున వరసగా కలిపితే 230 ఓల్టులకు సరిపోయేది. అందులో ఒకటి మాడితే వరసంతా చీకటి. మాడిన బల్బు ఏదో వెతికి పట్టుకోవడమే ఒక విద్య.

ఆ సరంజామాలో మనం మరిచిపోయింది ఒకటుంది, రెగ్యులేటరు. మోటారు వేగం ఒక మనిషి చేతిలో ఉండేది. మేళం జోరందుకుంటే అతను మరకాస్త తిప్పేవాడు. గొప్ప పొందిక అని చెప్పలేం. కానీ డప్పుకూ దీపానికీ మధ్య రెండు చెవులున్న మనిషి ఒకడు ఉన్నాడు.

ఇప్పుడు వాడుతున్నవి పిక్సెల్ లైట్లు. ప్రతి లైటులోనూ చిన్న చిప్పు ఉంటుంది. ఎక్కువగా కనిపించే డబ్ల్యూఎస్ 2811 రకం చిప్పుకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులకూ కలిపి 24 బిట్ల సమాచారం చేరాలి. సెకనుకు 8 లక్షల బిట్ల వేగంతో వస్తుంది కాబట్టి ఒక్కో లైటుకు 30 మైక్రోసెకన్లు పడుతుంది. మొదటి చిప్పు తన వాటా తీసుకుని మిగతాది పక్కదానికి అందిస్తుంది. వెయ్యి లైట్ల దండకు 30 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 33 బొమ్మలు మార్చొచ్చు. సినిమాకు 24 చాలు కదా, ఇది ధారాళంగా సరిపోతుంది. మూడు లైన్లతో సరిపెట్టుకున్న చోట ఇవాళ ప్రతి లైటూ దేనికదే స్వతంత్రం. హంస రెక్క ఈక ఈకగా విప్పుకోవచ్చు, చక్రం తిరగొచ్చు, నామాల మీద వెలుగు కిందినుంచి పైకి పాకొచ్చు. ఒక చిప్పు చచ్చిపోతే దాని వెనకవన్నీ ఆగిపోవడం మాత్రం పాత సీరియల్ సెట్ల కర్మే, మారలేదు.

వీటికి బొమ్మ గీసేది కంప్యూటర్ మీద. మన దగ్గర బాగా నడుస్తున్నది ఎల్‌ఈడీ ఎడిట్ అనే చైనా సాఫ్ట్‌వేరు. దాంట్లో తయారైన ఫైలును ఎస్‌డీ కార్డులోకి ఎక్కించి, టీ-1000ఎస్ లాంటి కంట్రోలరు పెట్టెలో గుచ్చుతారు. ఒక్కో పెట్టె 2048 లైట్ల దాకా నడుపుతుంది. చవక, మొండిది. దానికీ వేగం పెంచే, తగ్గించే మీటలున్నాయి. కానీ ఆ పెట్టె జనరేటరు పక్కన తీగల మధ్య ఇరుక్కుని ఉంటుంది, వేగం మెట్లు మెట్లుగానే మారుతుంది. డప్పు ఎక్కడో ముందు వీధి మలుపులో మోగుతుంటుంది. పెట్టెలు రెండుంటే ఇంకో చిక్కు. దేని గడియారం దానిదే. మామూలు క్వార్ట్జ్ గడియారానికి పది లక్షల్లో 50 వంతుల తేడా ఉందనుకున్నా, గంటకు సెకనులో దాదాపు ఐదో వంతు జారుతుంది. సాయంత్రం కలిసి మొదలైన రెండు లైటింగు ఆర్చీలు అర్ధరాత్రికి ఎవరి దారిన వాళ్లు పోవడానికి ఇదే కారణం.

పాటకు లైట్లు ఆడించే విద్యను ఊళ్లకు ఊళ్లు వెర్రెక్కి చూసేలా చేసింది అమెరికా. 2004 క్రిస్మస్‌కు ఒహాయో రాష్ట్రం మేసన్ పట్టణంలో కార్సన్ విలియమ్స్ అనే ఇంజనీరు తన ఇంటికి 16 వేల లైట్లు కట్టి, 88 చానళ్లలో వాటిని ఒక రాక్ పాటకు నాట్యమాడించాడు. ఆ వీడియో మరుసటి ఏడు ప్రపంచమంతా తిరిగింది. ఇప్పుడు అలాంటివాళ్లకు ఎక్స్‌లైట్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. అడ్డంగా కాలం, నిలువుగా లైటింగు భాగాలు, మధ్యలో గళ్లు. ఏ గడిలో ఏ వెలుగు ఉండాలో నింపుకుంటూ పోవాలి. గడికి 50 మిల్లీసెకన్లు చొప్పున మూడు నిమిషాల పాటకు 3600 గళ్లు. ఇంటి ఫొటో మీద లైట్లు ఎక్కడెక్కడున్నాయో గుర్తించి పెడితే, వీధిలోంచి ఎలా కనిపిస్తుందో తెరమీదే చూపిస్తుంది. పాట విని దెబ్బలు ఎక్కడ పడుతున్నాయో తనే గీతలు గీసిపెడుతుంది కూడా. ఫైలు తయారయ్యాక రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతి కంప్యూటర్ దాన్ని ఆడిస్తుంది. అద్భుతమైన పనిముట్టు, సందేహం లేదు.

కోనసీమలో దీనికి తగిన చోట్లు లేకపోలేదు. రాజోలు వైపు డిసెంబరులో చర్చి ముంగిళ్లూ ఇళ్ల మీది స్టార్లూ చూడండి. వశిష్ఠ అవతల నరసాపురంలో గోదావరి డెల్టా మిషన్ మొదలైంది 1830లలో, ఈ లంకల్లో క్రిస్మస్ నిన్నా మొన్నటిది కాదు. కదలని గోడ, రికార్డు చేసిన పాట, అరుగు మీద కూర్చుని చూసే జనం. ఇక్కడ ఎక్స్‌లైట్స్ ఉన్నదున్నట్టు పనికొస్తుంది. వినాయక చవితి పందిరికీ అంతే.

చిక్కల్లా ఊరేగింపుతోనే. విలియమ్స్ ఇంటిముందు జనం ఎవరి కార్లలో వాళ్లు కూర్చుని, ఆ పాటను కారు రేడియోలో విన్నారు. రికార్డు చేసిన పాట, ఎప్పుడూ అదే వేగం. మన వాహనం నడుస్తుంది, ఆగుతుంది, మలుపు దగ్గర పావుగంట నిలబడిపోతుంది. మేళం ఎప్పుడు ఎత్తుకుంటుందో మేళగాడికే ముందు తెలియదు, ఎదుటి వీధి వాళ్లను చూసి రెచ్చిపోతాడు. అక్కడ లైటు పాటను అనుసరిస్తే చాలు. ఇక్కడ మనిషిని అనుసరించాలి.

కాబట్టి సాఫ్ట్‌వేరులో మారాల్సింది రంగులూ హంగులూ కాదు, కాలాన్ని కొలిచే పద్ధతి. ఫైలులో ఇప్పుడు రాసేది మిల్లీసెకన్లు. దానికి బదులు దెబ్బలు రాయాలి. "ఈ రెక్క 400 మిల్లీసెకన్లలో విప్పుకోవాలి" అని కాకుండా "రెండు దెబ్బల్లో విప్పుకోవాలి" అని. దెబ్బ ఎంతసేపన్నది డప్పు చెబుతుంది. డప్పు ఆగితే రెక్క సగంలో ఆగి ఎదురుచూడాలి. ఇదేం కొత్త శాస్త్రం కాదు. ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఒకదానితో ఒకటి తాళం కలుపుకునే మిడి పద్ధతి 1983 నుంచీ ఉంది, అందులో దెబ్బకు 24 టిక్కులు చొప్పున లెక్క. సంగీతం వాళ్లు నలభై ఏళ్ల కింద తేల్చుకున్నది లైటింగు పెట్టెలోకి ఇంకా దిగకపోవడం వింతే.

డప్పు చెప్పేది పెట్టెకు ఎలా వినిపించాలి? మైకు పెడితే సరి అనుకుంటాం. డబ్ల్యూలెడ్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేరు మైకు విని లైట్లు ఊపగలదు. ఇంట్లో బాగుంటుంది. దసరా వీధిలో ఆ మైకు డప్పుతో పాటు పక్క వీధి బాక్సులనూ, టపాకాయలనూ, జనరేటరునూ, జనాన్నీ వింటుంది. అందుకని గాలిలో మోతను కాకుండా డప్పు చట్రం అదురును పట్టుకోవాలి. పియెజో బిళ్ల అని రూపాయి నాణెం సైజులో దొరుకుతుంది, బొమ్మల్లో కూత పెట్టడానికి వాడేదే. దాన్ని చట్రానికి టేపుతో అంటిస్తే ఆ డప్పు దెబ్బ తప్ప మరొకటి దానికి దాదాపు తెలియదు. లేదా పాత రెగ్యులేటరు మనిషినే మళ్లీ నిలబెట్టండి. చేతిలో ఫోను, తెర మీద ఒక పెద్ద మీట, తాళానికి తగ్గట్టు వేలితో కొడుతూ పోవడమే. నా మటుకు నాకు ఈ రెండోదే నచ్చుతుంది. యంత్రానికి దెబ్బ పడ్డాకే తెలుస్తుంది. మేళగాడి భుజం లేవడం చూసిన మనిషికి పడకముందే తెలుస్తుంది.

తాళం కుదిరాక దూరం సంగతి వస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, వెలుగుకు ఆ ఆలస్యం లేదు. వాహనం గడియార స్తంభం దగ్గరుంది, ఆర్చి వంద మీటర్ల అవతలుంది అనుకుందాం. ఆర్చి కింద నిలబడ్డవాడికి డప్పు వినిపించేది 0.3 సెకను తర్వాత. నిమిషానికి 120 దెబ్బల జోరులో దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకనే. అంటే ఆర్చి లైట్లు వాహనంతో సరిగ్గా ఒకే క్షణాన వెలిగినా, కిందివాడికి తాళం సగానికి పైగా తప్పినట్టే. ప్రతి ఆర్చికీ దాని దూరాన్ని 340తో భాగించి అంత ఆలస్యం కలిపితే, వెలుగు శబ్దంతో పాటే వీధి వెంట నడుస్తుంది. వాహనం కదిలేకొద్దీ దూరం మారుతుంది కాబట్టి లెక్క మళ్లీ కట్టుకుంటూ ఉండాలి. ఫోనులో జీపీఎస్ ఉంది, ఇంత లెక్కకు అది చాలు. జనంలో వైఫై తడబడుతుంది గనక ఆర్చీలకు వైరే మేలు.

లైట్లలో వెలిగే తెలుగు అక్షరం గురించి కూడా చెప్పాలి. మామూలు పీ10 ఎల్‌ఈడీ బోర్డు అడ్డం 32, నిలువు 16 చుక్కలు. ఇంగ్లీషు అక్షరానికి పదహారు వరసలు పుష్కలం. మనకు పైన గుడి, కింద వత్తు. "స్వాగతం" అని రాస్తే వావత్తు నాలుగైదు వరసలు తినేస్తుంది, మిగిలిన దాంట్లో సకారం నలిగిపోతుంది. అందుకే చాలాచోట్ల అక్షరాలను బొమ్మగా గీసి ఎక్కిస్తారు. బొమ్మగా ఎక్కిస్తే దెబ్బకో అక్షరం వెలిగించడం కుదరదు, ఎక్కడ అక్షరం తెగుతుందో పెట్టెకు తెలియదు. పదహారు వరసల కోసమే కూర్చిన తెలుగు చుక్కల ఫాంటు, గుణింతాన్నీ వత్తునూ కలిపి ఒక్క అక్షరంగా లెక్కించే తెలివి, ఈ రెండూ సాఫ్ట్‌వేరులోనే ఉండాలి. మెనూలు ఇంగ్లీషులోనో చైనీసులోనో ఉంటే పనివాడు మీటల స్థానాలను బట్టీ పట్టి నెట్టుకొస్తాడు. కొత్త వెర్షన్‌లో మీట చోటు మారితే అతని పని మళ్లీ మొదటికొస్తుంది.

జనరేటరు మాట మరవకూడదు. ఐదు ఓల్టుల పిక్సెల్ తెల్లగా నిండుగా వెలిగితే 60 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. వెయ్యి వెలిగితే 60 ఆంపియర్లు, 300 వాట్లు. పది వేల లైట్ల వాహనం ఒక్కసారి తెల్లగా మెరిస్తే మూడు కిలోవాట్లు, దానికి తోడు బాక్సులు. సన్న తీగ వేడెక్కుతుంది, దండ చివర తెలుపు ఎర్రబారుతుంది. కంటికి మాత్రం అంత అక్కర్లేదు. కరెంటు 30 శాతానికి తగ్గించినా చూపుకు సగానికి పైగా వెలుగు ఉన్నట్టే ఉంటుంది. ఇంతకు మించి లాగకూడదని హద్దు పెడితే డబ్ల్యూలెడ్ తనే కాంతి తగ్గించుకుంటుంది. ఎస్‌డీ కార్డు పెట్టెల్లోనూ ఆ గుణం ఉండి తీరాలి. వర్షాకాలం వదలని దసరా రాత్రుల్లో, ఉప్పుగాలి కొట్టే అంతర్వేది కల్యాణంలో ఇది అందం విషయం కాదు, ప్రాణాల విషయం.

జగ్గన్నతోట ప్రభలకు ఇవేవీ అక్కర్లేదు. కనుమనాడు పట్టపగలు, కొన్ని కౌశిక కాలువ నీళ్లలో దిగి మరీ, భుజాల మీద వస్తాయి.  లైటింగు వెర్రి చూడాలంటే శివరాత్రికి కోటప్పకొండ విద్యుత్ ప్రభల దగ్గరికి పోవాలి. తాటిచెట్లను మించిన ఎత్తున గ్రామానికొకటి పోటీపడి వెలుగుతాయి. వాటికీ ఇదే జబ్బు, ఇదే మందు.

ఎక్స్‌లైట్స్, డబ్ల్యూలెడ్ రెండిటి కోడూ బహిరంగమే, ఎవరైనా తెరిచి మార్చుకోవచ్చు. ఓడలరేవు, చెయ్యేరు ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏటా ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు కోసం వెతుక్కునే పిల్లలున్నారు. అటెండెన్స్ యాపు మళ్లీ చేసే బదులు, దెబ్బల్లో కాలం కొలిచే ప్లేయరు ఒకటి, తెలుగు చుక్కల ఫాంటు ఒకటి తయారుచేయండి. దానికి ముందు మీ వీధి లైటింగ్ ఆయన పక్కన ఒక దసరా రాత్రంతా నిలబడి, ఆయన చెయ్యి పెట్టెమీదికి ఎప్పుడెప్పుడు వెళుతుందో రాసుకోండి.