మూడు రకాల పుస్తకాలు - మూడు రకాల ప్రశ్నలు

పరిచయం

పుస్తకం చదవడం పూర్తి కాగానే ప్రతి పాఠకుడికీ ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. "బాగుంది", "బాగాలేదు" అనడం అభిప్రాయమే కాని, విమర్శ కాదు. ఎందుకు బాగుందో చెప్పి, ఆ కారణాన్ని పుస్తకంలోంచే చూపగలిగినప్పుడు అది విమర్శ అవుతుంది. దూరవిద్యలో చదువుతున్న మీకు ఇది మరింత అవసరం. ఉద్యోగమో, పొలం పనో, ఇంటి పనో ముగించుకొని రాత్రిపూట ఒంటరిగా చదువుకునే మీకు ఎదురు వాదించే సహాధ్యాయి ఉండడు. ఆ ఎదురు ప్రశ్న మీరే వేసుకోవాలి.

అయితే అన్ని పుస్తకాలనూ ఒకే ప్రశ్న అడగకూడదు. వైజ్ఞానిక కల్పన, అద్భుత కల్పన, చరిత్ర - ఈ మూడూ మనం చూడని లోకాలను చూపుతాయి. కాని అవి పాఠకుడికి ఇచ్చే మాట వేరు వేరు. ఒక్కొక్క రకానికి ఒక్కొక్క పుస్తకం తీసుకొని ఈ తేడాను పరిశీలిద్దాం.

వైజ్ఞానిక కల్పన: 'ది టైమ్ మెషీన్'

హెచ్.జి. వెల్స్ రాసిన ఈ చిన్న నవల 1895లో వెలువడింది. కథానాయకుడు ఒక యంత్రమెక్కి క్రీ.శ. 8,02,701వ సంవత్సరానికి వెళతాడు. ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో వెల్స్ సరిగా చెప్పడు. కాలం నాలుగో పరిమాణమని కొంత చర్చ చేసి, రెండు మూడు మీటలు చూపి ఊరుకుంటాడు. "ఇందులో సైన్స్ ఎక్కడుంది?" అని మీకు అనిపించవచ్చు.

సైన్స్ యంత్రంలో లేదు, కథానాయకుడి ఆలోచనలో ఉంది. అందంగా, బలహీనంగా ఉన్న ఎలోయీలను చూసి అతడు ముందు ఒక నిర్ణయానికి వస్తాడు: మనిషి ప్రకృతిని పూర్తిగా జయించాడు, కష్టం లేక శక్తి క్షీణించింది. తరువాత భూగర్భంలో బతికే మోర్లాక్‌లు కనిపిస్తారు. మొదటి నిర్ణయం చాలదు. యజమానులు, శ్రామికులు రెండు జాతులుగా విడిపోయారని రెండో నిర్ణయం. చివరకు మోర్లాక్‌లే ఎలోయీలను పశువులలా పెంచి తింటున్నారని తెలుస్తుంది. యజమాని ఎవరో మళ్ళీ ఆలోచించుకోవలసి వస్తుంది. కొత్త ఆధారం దొరికినప్పుడల్లా పాత నిర్ణయాన్ని సవరించుకోవడమే శాస్త్రీయ పద్ధతి. వెల్స్ టి.హెచ్. హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం చదువుకున్నవాడు. ఆ చదువు ఇక్కడ కథా నిర్మాణంగా మారింది.

కాబట్టి ఈ రకం పుస్తకాన్ని అడగవలసిన ప్రశ్న: "ఒక్క ఊహను ఒప్పుకుంటే, మిగిలినదంతా దాని నుంచి తర్కబద్ధంగా వస్తున్నదా?" వెల్స్ ఈ పరీక్షలో నెగ్గుతాడు. లోపం మరో చోట ఉంది. వీనా అనే ఎలోయీ యువతికి కథలో ప్రేమ ఉంది కాని, మనసు లేదు. ఆమె పెంపుడు జంతువులా వెంట తిరుగుతుంది. రచయిత జాతులను చూసినంత శ్రద్ధగా వ్యక్తులను చూడలేదు.

అద్భుత కల్పన: 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'

జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన ఈ గ్రంథం 1954-55లో మూడు సంపుటాలుగా వచ్చింది. మాయా ఉంగరం ఎలా సాధ్యమని ఇక్కడ ఎవరూ అడగరు. చందమామ సీరియళ్లు చదివి పెరిగినవారికి ఈ సంగతి కొత్త కాదు. కాని అద్భుతం అంటే ఏదైనా జరగవచ్చని అర్థం కాదు. ఆ లోకానికీ ఒక ధర్మం ఉంటుంది. రచయిత దాన్ని తప్పకూడదు.

టోల్కీన్ పెట్టుకున్న ధర్మం ఇది: ఉంగరం ధరించినవాడిని అది లోబరుచుకుంటుంది, ఇష్టపడి వదులుకోవడం దాదాపు అసాధ్యం. 1937లో వచ్చిన 'ది హాబిట్' మొదటి ముద్రణలో గొల్లుమ్ పందెంలో ఓడితే ఆ ఉంగరాన్ని బహుమతిగా ఇవ్వడానికి ఒప్పుకుంటాడు. తరువాతి గ్రంథంలోని ధర్మానికి ఇది కుదరదు. అందుకే 1951 ముద్రణలో టోల్కీన్ ఆ అధ్యాయాన్ని తిరగరాశాడు. ఊహాలోకం సృష్టించిన రచయితకు కూడా జవాబుదారీ ఉంటుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కరలేదు.

ముగింపు కూడా ఆ ధర్మం ప్రకారమే నడుస్తుంది. ఉంగరాన్ని అగ్నిలో పారేయవలసిన ఫ్రోడో ఆఖరి క్షణంలో అది నాదే అంటాడు. గొల్లుమ్ దాన్ని అతని వేలితో సహా కొరికి లాక్కొని, అగ్నిలో పడిపోతాడు. వీరుడు ఓడిపోయాడు. గొల్లుమ్‌ను ఎప్పుడో ఒకప్పుడు జాలితో చంపకుండా వదలడమే లోకాన్ని కాపాడింది.

ఇక్కడ అడగవలసిన ప్రశ్న: "తాను పెట్టుకున్న ధర్మాన్ని రచయిత అందరికీ వర్తింపజేశాడా?" నా అభిప్రాయంలో పూర్తిగా కాదు. గొల్లుమ్‌కు దక్కిన జాలి శత్రుసైన్యంలోని ఓర్క్‌లకు దాదాపు దక్కదు. వారు చావడానికే పుట్టినట్లు కనిపిస్తారు. ఇంత గొప్ప గ్రంథంలో నన్ను ఇబ్బంది పెట్టేది ఇదే.

చరిత్ర: 'ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్'

మద్రాసు రాజధానిలో ఉద్యోగం చేసిన రాబర్ట్ సూయల్ 1900లో ప్రచురించిన విజయనగర చరిత్ర ఇది. పేస్, నూనిజ్ అనే పోర్చుగీసువారి వృత్తాంతాల ఇంగ్లీషు అనువాదాలు ఇందులో ఉన్నాయి. తెనాలి రామకృష్ణ కథల్లోని రాయలు మాత్రమే తెలిసినవారికి పేస్ వర్ణించిన రాయలు కొత్త మనిషిగా కనిపిస్తాడు.

రాయచూరు యుద్ధం 1522లో జరిగిందని నూనిజ్ రాశాడు. సూయల్ దాన్ని అలాగే ఒప్పుకోలేదు. వారాన్ని, చంద్రుని గణనను, ఇతర పోర్చుగీసు ఆధారాలను సరిచూసి, 1520 మే 19 అని నిర్ణయించాడు. రాయల కాల్బలం 7 లక్షలు దాటిందని నూనిజ్ చెప్పినప్పుడు, దక్షిణాది సైన్యాల గురించి ఇతరులు చెప్పిన లెక్కలను పక్కన పెట్టి చూపాడు. చరిత్రకారుడు పాఠకుడికి ఇచ్చే మాట ఇదే: "నేను చెప్పినదాన్ని మీరు పరీక్షించుకోవచ్చు."

అదే పరీక్షను సూయల్ మీద కూడా పెట్టాలి. విజయనగరాన్ని ముస్లిం దండయాత్రలకు అడ్డుగా నిలిచిన హిందూ కోటగా ఆయన మొదట్లోనే చిత్రించాడు. కాని రెండవ దేవరాయలు ముస్లిం సైనికులను కొలువులో చేర్చుకున్న సంగతి ఆయన గ్రంథంలోనే ఉంది. బుక్కరాయల కాలం నుంచే శాసనాలలో 'హిందూరాయ సురత్రాణ' అనే బిరుదు కనిపిస్తుంది. 'సురత్రాణ' అంటే సుల్తాన్‌కు సంస్కృత రూపం. శత్రువు బిరుదును ఇష్టంగా ధరించిన రాజుల చరిత్ర అంత సూటిగా ఉండదు. సూయల్ సేకరించిన ఆధారాలు నేటికీ పనికివస్తాయి. ఆయన నిర్ణయాన్ని మాత్రం ఆ ఆధారాలతోనే ప్రశ్నించవచ్చు. మంచి చరిత్ర గ్రంథం తనను ఖండించే సాధనాన్ని కూడా పాఠకుడి చేతికి ఇస్తుంది.

ప్రశ్నలు తారుమారైతే

వెల్స్‌ను యంత్రం నమూనా అడిగితే మంచి నవలను పోగొట్టుకుంటాం. ఆ నష్టం చిన్నది. చరిత్రను మాత్రం "నాకు గర్వంగా అనిపించిందా?" అని అడిగితే నష్టం పెద్దది. అప్పుడు మనకు నచ్చిన కథే చరిత్ర అవుతుంది, ఆధారం చూపినవాడు శత్రువు అవుతాడు. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' వంటి చారిత్రక నవలలు చదివేటప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. నవలాకారుడికి కల్పించే హక్కు ఉంది. ఆ కల్పనను సాక్ష్యంగా వాడుకునే హక్కు పాఠకుడికి లేదు.

అభ్యాసం

మీరు ఇటీవల చదివిన ఒక పుస్తకాన్ని తీసుకోండి. అది మీకు ఇచ్చిన మాట ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. ఆ మాటను నిలబెట్టుకున్న చోటు ఒకటి, తప్పిన చోటు ఒకటి పుటసంఖ్యతో సహా చూపండి. మీకు బాగా నచ్చిన పుస్తకాన్నే ఎంచుకోండి. నచ్చని పుస్తకంలో తప్పు వెతకడం ఎవరికైనా సులువే.