సీటు లోపల చూడండి

మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వైపు రాజీవ్ రహదారి పోతుంది. ఈ రెండు రోడ్ల మీద పొద్దున నిలబడితే నీళ్ల ట్యాంకర్లు లాగే ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు, షేరింగ్ ఆటోలు వరసగా కనిపిస్తాయి. వీటి ఇంజన్‌లో చిన్న చప్పుడు తేడా వస్తే చాలు, అదే రోజు మెకానిక్ దగ్గరికి తీసుకుపోతారు. సీటు చిరిగితే మాత్రం ఓ గోనెసంచి పరిచి ఏళ్ల తరబడి నెట్టుకొస్తారు. ఆ సీటు మీద రోజుకు పది గంటలు కూర్చునే మనిషి నడుము ఎవరికీ గుర్తుకు రాదు.

గతుకుల రోడ్డు మీద కుదుపు వెన్నుకు చేరకుండా ఆపేది సీటే. ఏళ్ల తరబడి కుదుపుల్లో కూర్చుని పనిచేసేవాళ్లకు నడుంనొప్పి ముప్పు ఎక్కువని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఒంటికి తగిలే కుదుపును కొలవడానికి ఐఎస్ఓ 2631 అని ఒక అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. అందుకే సీటు కుట్టేవాళ్ల పనిని నేను సోకు పనిగా చూడలేను.

మా బావమరిది పాత ఆటో వెనక సీటు మేడ్చల్‌లో కుట్టిస్తుంటే దగ్గరుండి చూశాను. పైన రెగ్జిన్ ఒక్కటి మారిస్తే చాలని మేం అనుకున్నాం. సీటు కుట్టే ఉస్తాద్ ఒప్పుకోలేదు. "కవరుదేముంది సార్, లోపల సూడాలె" అంటూ సీటు బోర్లించి, స్క్రూడ్రైవర్‌తో పిన్నులు ఒక్కొక్కటే లేపాడు. సగం పిన్నులు తుప్పుపట్టి అక్కడే విరిగిపోయాయి. ఫోం పచ్చగా మారి, పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. అడుగున ప్లైవుడ్ అంచులు ఉబ్బి పొరలు విడిపోయాయి.

ఎక్కడ మొదలైందో ఉస్తాద్ చూపించాడు. రెగ్జిన్‌ను మెత్తగా ఉంచే పదార్థం ఎండకు మెల్లగా ఎగిరిపోతుంది. అప్పుడది బిరుసెక్కి, కుట్టు దగ్గర పగులుతుంది. సూది చేసిన రంధ్రాల్లోంచి వాన నీళ్లు లోపలికి దిగుతాయి. దిగిన నీళ్లకు బయటికి దారి ఉండదు. ఫోం తాగేస్తుంది, ప్లైవుడ్ నానుతుంది. చాలాచోట్ల తడి తగలకుండా ఫోం చుట్టూ పాలిథీన్ కవరు చుడతారు. పైనుంచి పడే చినుకును అది ఆపుతుంది కానీ, ఒకసారి లోపలికి చేరిన తడిని అక్కడే బంధిస్తుంది. అడుగు పలకకు నాలుగు రంధ్రాలు పెట్టి గాలి ఆడనివ్వడమే మంచి పద్ధతి.

తర్వాత పాత కవరు కుట్లు విప్పి, ముక్కలను కొత్త రెగ్జిన్ మీద పరిచి, సుద్దతో గీసి, కుట్టుకు అంచు వదిలి కత్తిరించాడు. కుట్టిన కవరును కాసేపు ఎండలో పెట్టాడు. వేడికి రెగ్జిన్ సాగుతుంది, ముడతలు పడకుండా లాగడం సులువవుతుంది. పిన్నులు కూడా ఓ మూల నుంచి కొట్టుకుంటూ పోలేదు. నాలుగు పక్కలా మధ్యలో ముందు కొట్టి, అక్కణ్ణుంచి మూలల వైపు సాగాడు. మూలలను చివరికి ఉంచి, మడతలన్నీ సమంగా సర్ది బిగించాడు. పనితనం మొత్తం ఆ మూలల్లో తెలుస్తుంది.

పడవ సీట్లకు ఈ కష్టాలన్నీ రెట్టింపు. హుస్సేన్ సాగర్‌లో లుంబినీ పార్కు దగ్గర మోటారు పడవలు తిరుగుతుంటాయి. అలాంటి పడవలో సీటుకు పైన ఎండ, పక్కన నీటి తుంపర. పాత పడవ సీటు బాగుచేయాలంటే మామూలు ప్లైవుడ్ పనికిరాదు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై వాడాలి, దాని కోసిన అంచులకూ రంగు పట్టించాలి. పిన్నులు స్టెయిన్‌లెస్ స్టీలువి, దారం ఎండకు నైలాన్ కన్నా ఎక్కువ ఆగే పాలిస్టర్‌ది అయితే మేలు. ఫోంలోనూ నీళ్లు పీల్చని రకం ఉంది. అది కాస్త గట్టిగా ఉంటుంది కానీ తడిసినా బరువెక్కదు. పడవకు చేసే ఈ జాగ్రత్తల్లో సగమైనా వానలో తిరిగే ఆటోకు, ట్రాక్టరుకు చేస్తే సీటు ఎన్నో ఏళ్లు నిలుస్తుంది.

ఇక ఫోం సంగతి. కొట్లో 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అంటారు. ఒక ఘనపు మీటరు ఫోం అన్ని కిలోల బరువు తూగుతుందని దాని అర్థం. అది గట్టిదనానికి కొలత కాదు, మన్నికకు గుర్తు. తేలిక ఫోం కొన్న రోజు బాగా మెత్తగా ఉంటుంది, కొన్ని నెలలకే అణిగిపోతుంది. అప్పుడు డ్రైవరు కూర్చునేది పలక మీదే. కొనేముందు ఫోంను పలక మీద పెట్టి పిడికిలితో గట్టిగా నొక్కి వదలండి. వెంటనే లేచి, అడుగు పలక చేతికి తగలకపోతే తీసుకోండి.

బండి యజమానులకు నా మాట ఒక్కటే. సీటు కుట్టించేటప్పుడు పాతది మీ ఎదుటే విప్పమని అడగండి. ఫోం ఏ డెన్సిటీదో, పలక ఏ రకమో, నీళ్లు పోయే దారి పెట్టారో లేదో చూడండి. లోపలి పనికి ఉస్తాద్ ఒక పూట ఎక్కువ అడిగితే ఇవ్వండి. బేరం రెగ్జిన్ రంగు దగ్గర ఆడండి, ఫోం దగ్గర ఆడకండి.