స్త్రీనింద – విమర్శకురాలి స్వంత కారణము: "రాధికాసాంత్వన" పీఠికా పరిశీలనము

ఒక కళయందలి స్త్రీనిందను పరిశీలింపబూనిన స్త్రీకి తరచుగా ఎదురగు ఆక్షేపణ యొకటి గలదు. ఆమెకిందు స్వంత కారణము లున్నవి గనుక ఆమె విమర్శ నిష్పాక్షికము కాజాలదందురు. ఈ ఆక్షేపణ యెంతవరకు నిలుచునో తెలియుటకు 1910లో మదరాసున వావిళ్ళవారు ప్రకటించిన "రాధికాసాంత్వనము"నకు బెంగళూరు నాగరత్నమ్మగారు వ్రాసిన పీఠికను చూచుట యుక్తము.

ముద్దుపళని తంజావూరు నేలిన ప్రతాపసింహుని (1739–1763) ఆస్థాన కవయిత్రి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు "ఆంధ్రకవుల చరిత్రము"న ఆమె పాండిత్యమును అంగీకరించియు, ఆమెను వేశ్యగా పేర్కొని, స్త్రీలు వినుటకే తగని మాటలు స్త్రీ నోట వెలువడినవని గర్హించిరి. 1881లో రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించిన మహనీయు లాయన. స్త్రీద్వేషి యనుటకు ఎవరికిని నోరు రాదు. అట్టివారి తూనికలోనే భేదము కనబడుట ఇచట విచారింపదగిన విషయము.

నాగరత్నమ్మగారు 1878లో మైసూరుసీమ యందలి నంజనగూడు ప్రాంతమున దేవదాసీ కుటుంబమున జన్మించిరి. పంతులుగారు ముద్దుపళనిపై ప్రయోగించిన మాట ఆమెకును తగులునదే. స్వంత కారణ మనగా నిదియే. అయితే ఆమె దుఃఖించి యూరకుండలేదు, దూషణకు ప్రతిదూషణ చేయలేదు. పైడిపాటి వెంకటనరసుగారి పూర్వముద్రణమును వ్రాతప్రతితో సరిచూచిరి. కొన్ని పద్యములును, కవయిత్రి తన యింటి స్త్రీలను స్మరించిన భాగమును అందు లోపించినట్లు కనుగొని చేర్చిరి. పిదప పీఠికలో, సిగ్గు స్త్రీలకేగాని పురుషులకు లేదా యని ప్రశ్నించి, పంతులుగారే పరిశీలించి ప్రకటనకు సమ్మతించిన "వైజయంతీవిలాసము"న ఇంతకంటె మోటైన వర్ణనలు లేవా యని నిలదీసిరి. తగిలిన మాట ఆమెను పుస్తకమువద్దకు నడిపినది; వాదమును నిలబెట్టినది మాత్రము పాఠపరిశోధనమే.

ఫలము వెంటనే దక్కలేదు. 1911లో ప్రభుత్వము ప్రతులను స్వాధీనపరచుకొనెను. పండితుల విన్నపములు పనిచేయలేదు. నిషేధము తొలగుటకు 1947వరకు, టంగుటూరి ప్రకాశం పంతులుగారి పూనికవరకు, వేచియుండవలసి వచ్చెను.

పీఠికకు ఒక కొరత గలదు. రాధ తాను పెంచిన ఇళను కృష్ణునకిచ్చి పెండ్లిచేసి, పిదప తానే విరహమున వేగును. ఆ యేర్పాటులో పురుషుని యిచ్ఛ కున్న ప్రాభవమును నాగరత్నమ్మగారు ప్రశ్నింపరు. స్త్రీకి వర్ణించు హక్కు గలదని వాదించిరేగాని, ఆ వర్ణనకు హద్దులు గీసిన దెవరని అడుగలేదు.

తంజావూరున పుట్టి, కన్నడసీమలో పుట్టినామె పరిష్కరింపగా, మదరాసున అచ్చైన ఈ తెలుగు కావ్యము కృష్ణగిరి జిల్లాలోని బేరిగైవంటి సరిహద్దు గ్రామములకు పరాయిది కాదు. 2006నాటి తమిళ అధ్యయన చట్టము పిదప ఇచటి పాఠశాలలలో తెలుగు ఐచ్ఛిక స్థానమునకు జరిగినది. ఉన్నది కాపాడుకొనుటయే కష్టమైనచోట, అందులో తప్పెన్నుట ద్రోహమను భావము సులభముగ కలుగును. సుమతీ శతకమునందును, వేమన పేర చెల్లు పద్యములందును స్త్రీని నమ్మరాదను ధోరణి యున్నను, వానిని మౌనముగ దాటించుట పరిపాటి.

ఈ సంకటము మనకొక్కరికే కాదు. 1973లో న్యూయార్కు బ్రాంక్సున నల్లజాతివారి వేడుకలలో తలయెత్తిన హిప్ హాప్ గానమున స్త్రీదూషణ పెచ్చుపెరిగినది. జమైకాలో జన్మించి బ్రాంక్సున పెరిగిన జోన్ మోర్గన్ 1999లో వెలువరించిన గ్రంథమున, తాను ప్రేమించు గానమే తనను కించపరచుటను దాచక చర్చించెను. తనజాతివారిని బయటివారు నిందించుచుండగా ఇంటివారిని తప్పుపట్టుట తేలిక కాదు. అయినను ఆమె ఆ గానమును విడువలేదు. నాగరత్నమ్మగారును ప్రబంధమును విడువలేదుగదా!

బేరిగై తరగతిలో ఒక బాలిక, "వేమన నిజముగ ఇట్లనెనా?" యని అడిగినచో అది అవిధేయత గాదు. బ్రౌను 1829లో 693 పద్యములను, 1839లో 1,164 పద్యములను వేమనవిగా ప్రకటించెను. ఈ పెరిగినవానిలో ఏవి వేమనవి, ఏవి ఇతరులు ఆయన పేర చేర్చినవి యన్నది తేలని ప్రశ్న. స్త్రీనింద గల పద్యములను ఆ దృష్టితో ప్రతులలో వెదకు పని ఇంకను మిగిలియున్నది.