సిలువ ఎవరికి వేసిన శిక్ష?

మా నాయన పాలేరు. మా పేట చర్చికొచ్చే మగవాళ్లలో చాలామంది ఊళ్లో రైతుల దగ్గర జీతానికి ఉన్నవాళ్లే. ఓ ఆదివారం అయ్యగారు పేతురు మొదటి పత్రిక రెండో అధ్యాయం చదివారు. యజమాని కఠినుడైనా పనివాళ్లు లోబడి ఉండాలనీ, క్రీస్తు ఎదురుచెప్పకుండా బాధపడి మాదిరి చూపాడనీ చెప్పే భాగం అది. మా నాయన తలొంచుకుని విన్నాడు. సిలువ గురించి నేను నేర్చిన మొదటి పాఠం అదే. యూనివర్సిటీకొచ్చి గ్రీకు మూలంతో పోల్చి చదివాక గానీ, తెలుగులో 'పనివారు' అయినవాళ్లు అసలు ఇంటి బానిసలని నాకు తెలీలేదు.

ఈ ఒక్క మాట దగ్గర ఆగితే చాలా సంగతులు బయటపడతాయి. రోమన్ సామ్రాజ్యంలో సిలువ ముఖ్యంగా బానిసలకూ తిరుగుబాటుదార్లకూ వేసిన శిక్ష. రోమన్ పౌరుడికి మామూలుగా ఆ శిక్ష ఉండేది కాదు. క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటును అణిచాక, పట్టుబడిన ఆరువేల మందిని కాపువా నుంచి రోము దాకా బాట పొడుగునా సిలువ వేశారు. ఆ బాటన నడిచే ప్రతి బానిసా చూసి భయపడాలనే అట్లా చేశారు.

పౌలు రాసింది ఈ లోకంలో. సిలువ మాట యూదులకు అడ్డంకి, గ్రీకులకు వెర్రితనం అని కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఆయనే ఒప్పుకున్నాడు. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో ఇంకా ముందుకెళ్లాడు. క్రీస్తు బానిస రూపం తీసుకున్నాడు, చివరికి సిలువ మీద చనిపోయాడు అన్నాడు. బానిసగా బతికినవాడికి బానిస చావు. ఆ రెండు మాటల్నీ విడదీస్తే అర్థం పోతుంది. మన తెలుగు బైబిలు అక్కడ 'దాసుడు' అంది. దాసుడంటే మనకు భక్తుడు గుర్తొస్తాడు. రామదాసు అనగానే చేతులు జోడిస్తాం. సంతలో అమ్ముడుపోయే మనిషి ఆ మాటలో కనపడడు. ఒకచోట 'దాసుడు', ఇంకోచోట 'పనివారు' అయ్యేసరికి బానిస మన పుస్తకంలోంచి మాయమయ్యాడు.

అయితే తప్పంతా అనువాదం మీదికి నెట్టేస్తే కుదరదు. పేతురు పత్రికలో బానిస పడేది అన్యాయపు దెబ్బలేనన్న ఒప్పుకోలుంది. క్రీస్తును తెచ్చి దెబ్బలు తినేవాడి పక్కన నిలబెట్టడమూ ఉంది. కానీ కొట్టే యజమానికి ఒక్క బుద్ధిమాట లేదు. ఎఫెసీయులకు, కొలొస్సయులకు రాసిన పత్రికల్లో యజమానులకు ఒక హెచ్చరికైనా ఉంది, ఇక్కడ అదీ లేదు. బానిసకు తోడుగా వచ్చిన సిలువే అతన్ని నోరుమూసుకోమంది.

రెండో శతాబ్దం నడుమ జస్టిన్ చక్రవర్తికి విన్నపం రాశాడు. సిలువ ఆకారం ఓడ తెరచాపలో, నాగలిలో ఉందన్నాడు. అక్కడితో ఆగకుండా రోమన్ సైన్యం జెండాల్లో కూడా ఉందన్నాడు. హింసకు గురవుతున్న సంఘం తరఫున చేసిన వాదన అది, ఆయన ఇబ్బంది అర్థం చేసుకోదగ్గదే. కానీ అప్పటికే సిలువ చంపేవాడి జెండాకు చుట్టమైంది. 312లో కాన్‌స్టంటైన్ దాన్ని యుద్ధ చిహ్నం చేసుకున్నాడని చెప్పుకుంటారు. దానికి దారి అంతకుముందే పడింది.

హెబ్రీయులకు రాసిన పత్రిక యేసు ఊరి గవిని బయట చనిపోయాడని గుర్తుచేసి, మనల్నీ అక్కడికే, ఆ అవమానం మోస్తూ రమ్మంటుంది. ఊరి బయట అంటే ఏంటో పేటలో పుట్టినవాళ్లకు ఎవరూ వివరించక్కర్లేదు. మనం సిలువను అక్కణ్ణించి చదవాలి. దాసుడన్న చోట బానిస అని పలికి చదవాలి. అట్లా చదివితే లోబడమనే వాక్యం వచ్చినప్పుడు, ఇది ఎవరికి చెప్పారు, ఎవరికి చెప్పలేదు అని అడక్కుండా ఉండలేం. మా నాయన ఆ ఆదివారం అడగలేకపోయిన ప్రశ్న అదే.