పొలంలో మొదలయ్యే కప్పు

ఇంగ్లండ్ నైరుతి మూలన ఉన్న డెవన్ పల్లెల్లో గోధుమ గడ్డి కప్పిన ఇంటి చూరు కింద నిలబడి పైకి చూడండి. ఆకు కనిపించదు, వెన్ను కనిపించదు. కనిపించేవన్నీ కాడల మొదళ్లే. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, దువ్వినట్టు ఒకే వైపు తిరిగి ఉంటాయి. మందం దాదాపు ఒక అడుగు, వాలు 50 డిగ్రీల వరకూ. పడిన చినుకు ఒక కాడ మొన నుంచి కింది కాడ మొనకు జారిపోతుంది. తడిసేది పైపొర మాత్రమే, లోపలి గడ్డి పొడిగానే ఉంటుంది. మంచి గడ్డి, మంచి చెయ్యి కుదిరితే ఆ కప్పు పాతికేళ్లు, ముప్పై ఏళ్లు నిలుస్తుంది.

ఆ మంచి గడ్డి ఎక్కడిది? కప్పేవాళ్ల నైపుణ్యాన్ని అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం దాన్ని పండించే రైతు మీదే ఎక్కువ గురి.

ఒక కాడను రెండు కణుపుల మధ్య వేళ్లతో నొక్కి చూడాలి. మంచిదైతే గట్టిగా ఎదురు తిరుగుతుంది, వదలగానే మళ్లీ గుండ్రంగా నిలుస్తుంది. నత్రజని ఎక్కువ తిన్న కాడ అయితే చప్పున అణిగిపోతుంది. దాని గోడ పలుచన, కణాలు మెత్తన. పైగా గడ్డిలో మిగిలిన నత్రజని బూజుకు మేత అవుతుంది. అలాంటి కప్పు త్వరగా కుళ్లుతుంది. యూరియా దట్టించిన వరి మడి నల్లగా, ఏపుగా లేచి ఒక్క ఈదురుగాలికి పడిపోవడం చూసిన మన రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

చేను పడకుండా మామూలు గోధుమ రైతు క్లోర్‌మెక్వాట్ అనే మందు చల్లుతాడు. మొక్క సాగడానికి కారణమైన జిబ్బరెల్లిన్ తయారీని అది అడ్డుకుంటుంది, కాడ పొట్టిగా ఉండిపోతుంది. గింజ కోసం పండించేవాడికి అది మేలే. కప్పుకు మాత్రం దాదాపు మూడడుగుల పొడవున్న కాడ కావాలి. అందుకని కప్పు గడ్డి పండించే రైతు ఆ మందు జోలికి పోడు, ఎరువు కూడా చెయ్యి బిగబట్టి వేస్తాడు. దిగుబడి తగ్గుతుందని తెలిసీ తగ్గించుకుంటాడు. కలుపు విషయంలో మాత్రం ఉపేక్షించడు. కట్టలో పచ్చి కలుపు ఉంటే తేమ పట్టి గడ్డి చెడుతుంది.

విత్తనం ఎంపికలోనూ ఇదే పట్టుదల. ఇలాంటి రైతుల్లో చాలామంది ఇష్టపడే మారిస్ విడ్జన్ అనే రకం కేంబ్రిడ్జ్‌లోని పంటల ప్రజనన సంస్థ నుంచి 1964లో వచ్చింది. తర్వాత జపాన్ నోరిన్ 10 రకం నుంచి తెచ్చిన పొట్టి జన్యువులు ప్రపంచమంతా గోధుమను కురచ చేశాయి. మారిస్ విడ్జన్ మాత్రం పొడుగ్గానే మిగిలింది.

కోతకు కంబైన్ పనికిరాదు, కాడను నలిపేస్తుంది. పాతకాలపు బైండరుతో, కణుపుల్లో ఇంకా కాస్త పచ్చదనం ఉండగానే కోస్తారు. పనలు నిలబెట్టి ఆరబెడతారు, కుప్ప వేస్తారు. ఆ తర్వాత దువ్వెన యంత్రం ఆకునూ వెన్నునూ తీసేసి, కాడల మొదళ్లన్నీ ఒక పక్కకే ఉంచుతుంది. ఇక కప్పేవాడు ఆ కట్టలను పరిచి, మెలిపెట్టిన హేజెల్ చెట్టు పుల్లలను లోపలికి దిగ్గొట్టి బిగిస్తాడు. గాళ్లు పడిన చెక్కతో మొదళ్లను కిందినుంచి పైకి తట్టుతూ వరస సరిచేస్తాడు.

ఈ పొడవు కాడల కప్పు నిన్నమొన్నటిది కాదు. దక్షిణ ఇంగ్లండ్‌లో కొన్ని ఇళ్ల కప్పు విప్పితే అడుగున మధ్యయుగాల నాటి గడ్డి కనిపిస్తుంది, పొయ్యి పొగకు నల్లబడి. పైపొరలు ఎన్నిసార్లు మార్చినా దాన్ని కదపలేదు. జాన్ లెట్స్ అనే పురావస్తు వృక్షశాస్త్రవేత్త 1999లో దాని మీద ఒక పుస్తకమే వెలువరించారు. ఆ పాత గడ్డిలో కాడలతో పాటు వెన్నులూ, నాటి చేలో మొలిచిన కలుపు మొక్కలూ అలాగే దొరికాయి. ఆ కాడలు పొడవైనవి, రకరకాల గోధుమలు కలగలిసిన చేలోవి.