కొండనాలుకకు మందు

కంప్యూటరును బాగుచేయడానికి పంపిన అప్‌డేట్ వల్లనే కంప్యూటరు మొరాయించడం మనకు కొత్త కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కోట్ల పంక్తుల్లో రాసిన ఆదేశాల సముదాయం. అది నడవవలసిన యంత్రాలా, ఒకదానితో ఒకటి పోలనివి. ఒకదానిలో పాత డిస్కు, మరొకదానికి వేరే సంస్థ ప్రింటరు, ఇంకొకదానిలో దుకాణం కుర్రాడు తనకు తోచినట్టు విభజించి పెట్టిన పార్టిషన్లు. వీటన్నిటి మీదా ముందే పరీక్షించి చూడటం ఏ సంస్థకూ సాధ్యం కాదు. తప్పులు దొర్లుతాయి, అది ఒప్పుకుందాం. తప్పు దొర్లిన తర్వాత తయారీదారు మనతో ఏమన్నాడు, ఏ మాటల్లో అన్నాడు, మరమ్మతు బరువు ఎవరి నెత్తిన పెట్టాడు అన్నవి మాత్రం విమర్శకు నిలబడవలసిన విషయాలు. తెర మీద కనిపించే రెండు వాక్యాల సందేశం కూడా ఒక రచనే. మన భాషలో అచ్చయ్యే ఏ నవలకూ లేనంతమంది పాఠకులు దానికి ఉంటారు.

ఉదాహరణకు ఒక సంఘటన తీసుకుందాం. 2024 జనవరి 9న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10 వాడేవారికి కెబి 5034441 అనే అప్‌డేట్‌ను పంపింది. చాలా కంప్యూటర్లలో అది ఎక్కలేదు. మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ విఫలమైంది. నెలల తరబడి ఇదే తంతు.

అసలు ఆ అప్‌డేట్ దేనికో ముందు తెలుసుకోవాలి. విండోస్ ఉన్న డిస్కులో మామూలుగా మన కంటపడని ఒక చిన్న భాగం ఉంటుంది. దాన్ని రికవరీ పార్టిషన్ అంటారు. అసలు విండోస్ లేవలేని స్థితిలో పడినప్పుడు, అక్కడ ఉన్న మరో బుల్లి విండోస్ లేచి, కంప్యూటరును పాత స్థితికి తీసుకుపోవడం, చివరి అప్‌డేట్‌ను తొలగించడం వంటి పనులు చేయనిస్తుంది. పెద్ద ఇంటిని ఆనుకుని ఉన్న పనిముట్ల గది అనుకోండి. ఈ గదిలో ఒక లోపం బయటపడింది. బిట్‌లాకర్ అనే పద్ధతిలో డిస్కుకు తాళం వేసుకున్నవారి కంప్యూటరు దొంగ చేతికి చిక్కితే, అతను ఈ గది దారిన లోపలికి పోయి సమాచారం చదివే వీలుంది. యంత్రం స్వయంగా చేతికి దొరికితే తప్ప సాధ్యం కాని దాడి ఇది. జనవరి అప్‌డేట్ ఆ సందును మూయడానికి వచ్చింది. అంటే మరమ్మతు గదికే మరమ్మతు.

ఆ పనికి రికవరీ పార్టిషన్‌లో 250 మెగాబైట్ల ఖాళీ చోటు కావాలి. చాలా కంప్యూటర్లలో ఆ భాగం మొత్తం కలిపితేనే సుమారు 500 మెగాబైట్లు. అందులో ఎక్కువ మేర ముందే నిండి ఉంది. గమనించండి, ఆ పరిమాణం చాలావరకు ఇంట్లో కంప్యూటరు వాడేవారు నిర్ణయించింది కాదు. విండోస్‌ను ఎక్కించేటప్పుడు ఆ ఎక్కించే ప్రోగ్రామే గది కొలతలు వేసుకుంది. పెద్ద డిస్కులో వందల గిగాబైట్లు ఖాళీగా పడి ఉన్నా, ఈ గది గోడలు కదలవు కనుక అప్‌డేట్ ఎక్కదు.

ఇప్పుడు తెర మీద వచ్చిన సందేశం చూద్దాం. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేస్తే దాని సారాంశం ఇది: అప్‌డేట్లు ఎక్కించడంలో కొన్ని ఇబ్బందులు వచ్చాయి, కానీ మేము తర్వాత మళ్లీ ప్రయత్నిస్తాం, ఇది పదే పదే కనిపిస్తుంటే, వెతుక్కోవడానికో సహాయ కేంద్రాన్ని అడగడానికో ఈ సంఖ్య ఉపకరించవచ్చు. ఆ కింద ఎనిమిది అంకెల సంఖ్య, 80070643. దాని ముందు పదహారు అంకెల పద్ధతికి గుర్తుగా సున్నా, ఎక్స్.

అనువాదాలు చేసే అలవాటున్నవారి కన్ను ఇటువంటి వాక్యంలో మొదట క్రియ మీద పడుతుంది. తెలుగులో మనకు ‘గ్లాసు పగిలింది’, ‘గ్లాసు పగలగొట్టాను’ అని రెండు రకాల మాటలున్నాయి. పిల్లవాడు మొదటిది అంటాడు, వాళ్లమ్మ రెండోది చెప్పిస్తుంది. పై సందేశంలో ఇబ్బందులు ‘వచ్చాయి’. ఎవరూ తేలేదు, వాటంతటవే వచ్చాయి. ఆ వెంటనే ప్రయత్నించేది మాత్రం ‘మేము’. కష్టం వచ్చినచోట కర్త లేడు, సేవ చేసేచోట కర్త ప్రత్యక్షం. ఇక మళ్లీ ప్రయత్నిస్తామన్న హామీ చూడండి. చోటు లేక ఎక్కనిది రేపు ప్రయత్నించినా ఎక్కదు. రెండు రోజులు ఆగితే గోడలు జరగవు కదా!

సంఖ్య సంగతికి వద్దాం. మనం పదేసి చొప్పున లెక్కిస్తాం. ఇక్కడ పదహారేసి చొప్పున. మొదటి 8 అంటే పని విఫలమైందని. తర్వాతి 007 అంటే ఈ వైఫల్యం విండోస్ మౌలిక దోషాల జాబితాకు చెందినదని. మిగిలిన 0643ను విప్పితే, ఆరు 256లు 1536, నాలుగు పదహార్లు 64, ఆపైన 3, వెరసి 1603. జాబితాలో 1603 దగ్గర ఏముంది? ఎక్కించే పనిలో తీవ్రమైన దోషం ఏర్పడిందని ఉంది. అంటే, ఎక్కలేదు ఎందుకంటే ఎక్కలేదు. ఇంత గుప్తలిపిని శ్రమపడి విప్పిన పాఠకుడికి దక్కిన ఫలం అది.

చోటు చాలకపోవడాన్ని చెప్పే సంఖ్య విండోస్ దగ్గర లేక కాదు. డిస్కు నిండితే 112, పదహారు అంకెల పద్ధతిలో 70, అని ఎప్పటినుంచో ఉంది. ఈ అప్‌డేట్‌కు కూడా చోటు చాలలేదని చెప్పే వేరే దోషనామం ఉంది, రావలసింది అదే. దోషాల సంఖ్యలను చూపించే ప్రోగ్రాములోనే లోపం ఉన్నందువల్ల దాని బదులు ఇది కనిపించిందని మైక్రోసాఫ్ట్ తరువాత తన సహాయపత్రంలో ఒప్పుకుంది. ఒప్పుకోవడం మెచ్చదగ్గదే. కానీ ఒప్పుకోలు ఉన్నది సహాయపత్రంలో, అబద్ధం ఉన్నది తెర మీద. తెర చూసేవారిలో ఎంతమంది సహాయపత్రం దాకా పోతారు?

ఫలితం ఊహించవచ్చు. ఇదే సంఖ్య వైరస్ నిరోధక జాబితాలు ఎక్కనప్పుడూ వస్తుంది, డాట్‌నెట్ అప్‌డేట్ చెడినప్పుడూ వస్తుంది. దాన్ని పట్టుకుని వెతికితే దొరికేవి ఆ జబ్బుల మందులు. తాత్కాలిక ఫైళ్లు తుడిచేయమని ఒకరు, డాట్‌నెట్‌ను మళ్లీ ఎక్కించమని ఇంకొకరు, విండోస్‌నే తీసేసి కొత్తగా వేసుకోమని మరొకరు. రోగమొకటి మందొకటి. చివరి సలహా పాటిస్తూ ఫొటోలు, ఉత్తరాలు వేరేచోట దాచుకోవడం మరచిపోతే పోయేది అప్‌డేట్ కాదు, పదేళ్ల జ్ఞాపకాలు.

మైక్రోసాఫ్ట్ స్వయంగా ఇచ్చిన చికిత్స ఏమిటి? పెద్ద డిస్కు భాగాన్ని 250 మెగాబైట్లు కుదించి, ఉన్న రికవరీ పార్టిషన్‌ను తొలగించి, మిగిలిన చోటునంతా కలిపి కొత్తది కట్టుకోమని. ఇదంతా మౌసుతో నొక్కి చేసేది కాదు. నల్లటి కిటికీలో డిస్క్‌పార్ట్ అనే ప్రోగ్రాముకు ఒక్కొక్క ఆదేశం టైపు చేయాలి. కొత్త తరహా డిస్కు అయితే 32 అంకెల, అక్షరాల గుర్తు ఒకటి తప్పు లేకుండా కొట్టాలి. తొలగించే ముందు పార్టిషన్ సంఖ్య పొరపాటుగా ఎంచుకుంటే తొలగేది మీ సొంత ఫైళ్లున్న భాగం కావచ్చు. సాంకేతికంగా ఆ సూచనల్లో తప్పేమీ లేదు. ఒక కంప్యూటర్ ఇంజనీరు కోసం రాస్తే వాటిని మంచి సూచనలనే అనేవాణ్ణి. కానీ ఆ అప్‌డేట్ అందినది పిల్లల హోంవర్కు, కరెంటు బిల్లు తప్ప మరేమీ ఎరగని ఇళ్లకు. కొంతకాలానికి ఆ పని చేసే నమూనా స్క్రిప్టు ఒకటి ఇచ్చారు; దాన్ని నడపడానికీ అంతో ఇంతో తెలిసుండాలి. 2024 వేసవిలో, దీనికి దానంతటది జరిగే పరిష్కారం రాదని, చేత్తో చేసుకోవలసిందేనని తేల్చారు.

ఇందులో మరో విచిత్రం. రికవరీ పార్టిషన్ అసలే లేని కంప్యూటర్లకు ఈ అప్‌డేట్ అక్కరలేదని, అటువంటివారు ఆ దోషాన్ని పట్టించుకోనక్కరలేదని అదే సహాయపత్రంలో రాశారు. అక్కరలేనివారికి ఎందుకు పంపారు? బిట్‌లాకర్ వాడని ఇళ్లవారికి ఆ దొంగ భయమే లేదు. వారినీ నెలల తరబడి అదే ఎర్రని సందేశం వెంటాడింది. ఆగస్టు 13న పాత అప్‌డేట్ స్థానంలో కొత్తది ఒకటి తెచ్చారు. చోటు చాలని కంప్యూటర్లకు దాన్ని చూపకుండా ఏర్పాటు చేశారు. దాంతో సందేశం మాయమైంది. చోటు పెరిగిందా అంటే లేదు. బిట్‌లాకర్ వాడుతూ ఇరుకు పార్టిషన్ ఉన్నవారి సందు తెరిచే ఉంది, ఆ సంగతి చెప్పే గొంతు మాత్రం ఆగింది. థర్మామీటరు దాచేస్తే జ్వరం తగ్గినట్టా?

తెర మీద రెండు వాక్యాలకే చోటుంటుంది, అందులో ఇన్ని వివరాలు ఎలా పడతాయి అని కొందరు వాదిస్తారు. ఇలా రాయవచ్చు కదా: ‘మీ డిస్కులోని మరమ్మతు భాగంలో 250 మెగాబైట్ల ఖాళీ కావాలి, అంత లేదు. మీ ఫైళ్లకు ప్రమాదం లేదు. మీరు బిట్‌లాకర్ వాడకపోతే దీనికోసం తొందరపడనక్కరలేదు.’ మూడు చిన్న వాక్యాలు. ఒక్క అంకె కూడా విప్పుకోనక్కరలేదు. కారణం, నష్టం ఎంత, ఎవరికి వర్తిస్తుంది అన్న మూడూ చెప్పేశాం. పాత సందేశం పొడవు దీనికంటే పెద్ద తక్కువేమీ కాదు.

ఇవన్నీ చదివి, అసలు అప్‌డేట్లే ఆపేస్తే పోతుంది కదా అనుకునేవారికి 2017 గుర్తు చేయాలి. ఆ ఏడాది మే 12న విరుచుకుపడిన వన్నాక్రై అనే ప్రోగ్రాము ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని వాత పడ్డాయి. అది చొరబడిన సందును మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. దాదాపు రెండు నెలల వ్యవధి ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందన్న భయంతో మందే మానేసినవారికి జరిగేది అది. తెర మీద అసత్యం చెప్పడంలోని పెద్ద నష్టం కూడా ఇక్కడే ఉంది. అటువంటి సందేశాలు నాలుగు చూసినవాడు ఐదోసారి నిజమైన హెచ్చరికను కూడా మూసేస్తాడు.

మరమ్మతు గది ఎంత అవసరమో 2024 జూలై 19న లోకమంతా చూసింది. ఆనాటి తప్పు ఆపరేటింగ్ సిస్టమ్‌ది కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న ఫైలుది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో నిలిచిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. సంస్థ 78 నిమిషాల్లో ఆ ఫైలును వెనక్కి తీసుకున్నా, అప్పటికే పడిపోయినవాటిలో చాలావాటి దగ్గరికి మనిషి పోయి, సేఫ్ మోడ్ ద్వారానో రికవరీ గది ద్వారానో లోపలికి దిగి, ఆ ఫైలును చేత్తో తీసేయవలసి వచ్చింది. అయినా ఆ సూచనల్లో ఫైలు పేరు, ఉన్న చోటు, చేయవలసిన పని స్పష్టంగా ఉన్నాయి.

మైక్రోసాఫ్ట్ నేర్చుకోలేదా అంటే, కొంత నేర్చుకుంది. 2025 అక్టోబరు 14న, సరిగ్గా విండోస్ 10కు ఉచిత సేవ ముగిసిన రోజున, విండోస్ 11కు వచ్చిన అప్‌డేట్ ఇదే గదిని మళ్లీ దెబ్బతీసింది. గది తలుపు తెరుచుకునేది, కానీ లోపల యుఎస్‌బి కీబోర్డు, మౌసు పనిచేసేవి కావు. విండోస్ మామూలుగా నడుస్తున్నంతసేపు ఈ సంగతే తెలియదు. అది కుప్పకూలిన రోజున మాత్రం గోరుచుట్టు మీద రోకటిపోటు. ఈసారి సంస్థ దోషాన్ని దాని పేరుతో చెప్పింది, ఎవరికి వర్తిస్తుందో చెప్పింది, అక్టోబరు 20న అత్యవసర అప్‌డేట్ పంపింది. ఆరు రోజులు. గుండ్రటి పిన్నుల పాత పిఎస్/2 కీబోర్డులు మాత్రం ఆ ఆరు రోజులూ పనిచేశాయట. అటక మీద పడేసినవాటికి అలా ఒక వారం గౌరవం దక్కింది.

ఇక మీరు చేయగలిగింది. అప్‌డేట్ విఫలమైతే మొదట చూడవలసింది సంఖ్యను కాదు, అప్‌డేట్ పేరులోని కెబి అంకెలను. వాటిని పట్టుకుని తయారీదారు సహాయపత్రం చదవండి. తెలిసిన లోపాలు అనే భాగం సాధారణంగా అందులోనే ఉంటుంది. పార్టిషన్లను కదిలించమని ఎవరు చెప్పినా ఫైళ్ల నకలు వేరే డిస్కులో తీసుకోకుండా చేయి పెట్టవద్దు. కంప్యూటరు బాగున్న రోజునే ఒక ఖాళీ పెన్‌డ్రైవు మీద రికవరీ డ్రైవ్ తయారుచేసుకోండి. ఆ ప్రోగ్రాము విండోస్‌లోనే ఉంది, పెన్‌డ్రైవులో అంతకుముందున్నదంతా చెరిగిపోతుంది సుమా. గదికి తాళం పడినా, చోటు చాలకపోయినా అది బయటినుంచి పనిచేస్తుంది. బిట్‌లాకర్ ఉన్నవారిని రికవరీ సమయంలో 48 అంకెల సంఖ్య అడగవచ్చు. దాన్ని ఇవాళే కాగితం మీద రాసి, కంప్యూటరు సంచిలో కాకుండా ఇంట్లో మరోచోట పెట్టండి.